కుంట తొక్కిన అల్లుడు

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ పెరటి కుంట దగ్గరికి వెళ్ళడం, నీళ్ళలో పాతిన గీతల కర్ర చూడడం, నురగ ఉమ్మేసి అల్లుణ్ణి తిట్టడం, ఈ మూడూ కండక్టరుకి ఒకటే పని. బస్సు కండక్టరుగా రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు.

"మళ్ళీ నాలుగు వేళ్ళు తగ్గింది! ఇంట్లో దరిద్రం తిష్ట వేసుక్కూర్చుంటే కుంటలో నీళ్ళేం నిలుస్తాయి!"

ఆ తిష్ట వేసిన దరిద్రం అప్పుడు వసారాలో టీ తాగుతూ ఉండేది. కుర్చీలో కాదు, రాతిబండ మీద. అల్లుడు ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడాదే మూడు కుర్చీలు, ఒక నవారు మంచం విరిగాయి. అప్పుడు ఆ బండ వేయించారు. చూడ్డానికి బక్కపల్చటి మనిషే, గాలొస్తే పట్టుకోవాలనిపిస్తుంది. కోపం వస్తే మాత్రం బరువెక్కుతాడు. ఎదురు చెప్పడు, గొంతు పెంచడు, గుడ్లురమడు. లోపలికి మింగుతాడు. మింగిందంతా బరువవుతుంది. చిన్న మాటకి బియ్యం బస్తా అంత, పెద్ద మాటకి ఇనప బీరువా అంత. కోపం దిగాక మళ్ళీ మామూలే. కొందరికి కోపమొస్తే తలనొప్పి వస్తుంది, ఈయనకి ఇది వచ్చేది. ఆయనది కుట్టు మిషన్లు బాగుచేసే పని. పొద్దున్నే సైకిలెక్కి బయల్దేరితే సందు చివర టైరు ఢామ్మనేది. సైకిలు షాపువాడు "ఇవాళేమన్నారు సార్ మీ మామగారు?" అని కుశలం అడిగి మరీ పంచరేసేవాడు.

అసలు కుంట కారడంలో అల్లుడి తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పంతా బుజ్జిది. బుజ్జంటే కండక్టరు కొడుకు, ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా ఇంకా బుజ్జే. కిందటేడు కుంట ఎండినప్పుడు ఇంకో రెండడుగులు తవ్వితే ఇంకో రెండడుగుల నీళ్ళు పడతాయి కదా అన్నాడు. వినడానికి బాగానే ఉంది. అల్లుడొక్కడే "వద్దు బుజ్జీ, అడుగున ఉన్న బంకమట్టి వల్లే నీళ్ళు ఆగుతున్నాయి, అది తెగితే కింద ఇసుక" అన్నాడు. "కుట్టు మిషన్లవాడికి కుంటల సంగతెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నాడు కండక్టరు. తవ్వారు. ఇసుక తగిలింది. నీళ్ళు పెట్టారు, జల్లెడలో పోసినట్టు పోయాయి. చేపలు చచ్చాయి, కూరగాయ మళ్ళు ఎండాయి. అప్పుడైనా తల దించుకున్నారా? ఎక్కడా! "ఆ పాడు నోటితో ఇసుకన్నాడు, ఇసుకే వచ్చింది" అని కండక్టరు మళ్ళీ అల్లుడి మీదే పడ్డాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి.

చివరికి మట్టిమేస్త్రీని పిలిచారు. గట్లు వెయ్యడంలో, కుంటలు పూడ్చడంలో తల నెరిసిన మనిషి. ఆయనకి మట్టి తప్ప మనుషుల గొడవ పట్టదు. ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి కుంటలోనే మెట్టు మీద పెట్టాడు. బకెట్‌లో ఒక గీత, కుంటలో ఒక గీత గీసి వెళ్ళిపోయాడు. రెండ్రోజుల తర్వాత వచ్చి చూస్తే బకెట్‌లో వేలి మందం తగ్గింది, కుంటలో జానెడు.

"ఎండకి పోయేది బకెట్‌లో పోయినంతే అయ్యగారూ. మిగతాదంతా అడుక్కి పోతోంది. కొత్త బంకమట్టి తోలించి, తడిపి, పొర మీద పొర మూడు పొరలు తొక్కించాలి. తొక్కుడు గట్టిగా పడాలి. మట్టిలో గాలి మిగిలితే నీళ్ళు మిగలవు."

"రోలరు తెప్పిద్దాం" అన్నాడు బుజ్జి.

"మీ సందులో స్కూటరే తిరగదు బాబూ. దిమ్మిసతో బాదినా తడిమట్టి పక్కకి తన్నుకొస్తుంది. కాళ్ళతోనే తొక్కాలి. వచ్చే ఆదివారం కాలవ వదుల్తారు. అప్పటికి కాకపోతే మళ్ళీ మూడు నెలలదాకా చుక్క రాదు."

కుంటలో మిగిలిన నీళ్ళు తోడేశారు, మట్టి వచ్చింది. మొదటిరోజు అందరూ దిగారు. బుజ్జి అరగంట తొక్కి నడుం పట్టేసిందని గట్టెక్కాడు. కండక్టరు గట్టు మీద కుర్చీ వేసుక్కూర్చుని మాటలతో తొక్కాడు. సాయంత్రం మేస్త్రీ గీతలున్న ఇనపచువ్వ తెచ్చి మట్టిలో గుచ్చితే, అది వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఇది తొక్కుడు కాదండీ, షికారు" అన్నాడు మేస్త్రీ.

కండక్టరుకి ఒళ్ళు మండింది. మండితే ఎవరి మీద పడతాడు? "ఏమయ్యా! తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు! ఆరేళ్ళుగా నా ఇంట్లో మేస్తున్నావు, ఒక్కనాడు కాలు గట్టిగా ఆన్చలేవూ? మీ అమ్మ నిన్ను కన్నదా, బజార్లో కొసరుకి తెచ్చుకుందా?"

అల్లుడు తలెత్తలేదు. ఉన్నచోటే మడమలదాకా దిగాడు, తర్వాత పిక్కలదాకా. కాలు పీకి ముందుకో అడుగేస్తే నేల దబ్బుమంది. మేస్త్రీ వంగి ఆ అడుగులో చువ్వ గుచ్చాడు. దిగలేదు. ఇంకాస్త బలంగా గుచ్చాడు. ఠంగుమంది.

"అయ్యగారూ" అన్నాడు మేస్త్రీ చువ్వ తుడుచుకుంటూ, "ఈయన్ని ఇంకొంచెం తిట్టండి."

అలా మొదలైంది. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ అల్లుడు ఆరేళ్ళలో మొదటిసారి ఒక మాట అడిగాడు. "మామయ్యగారూ, కుంటంతా నేనే తొక్కుతాను. మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి. నీళ్ళు నిలిచిన రోజు నేనూ చిట్టీ వేరే వెళ్ళిపోతాం."

చిట్టంటే ఆయన భార్య, కండక్టరు కూతురు, బుజ్జికి అక్క. పెళ్ళైన కొత్తలో "నాలుగు రోజులుండి వెళ్ళండి" అన్నాడు కండక్టరు. ఆ నాలుగు రోజులే ఆరేళ్ళయ్యాయి.

"వెళ్ళండయ్యా! నేనేమన్నా కాళ్ళు కట్టేశానా?" అన్నాడు కండక్టరు. మేస్త్రీ ఎదుటే అన్నాడు.

అల్లుడు ఆ మాట పట్టుకుని బతికాడు. మిషన్ల షాపు వెనక ఒక గది చూసిపెట్టుకున్నాడు. దాని గురించి చిట్టికి చెప్పని పూట లేదు. పెట్రోలు బంకు దాటాక రెండో మలుపు, నీలం తలుపు. వీధివైపు కిటికీ. గోడలో రెండు అలమరాలు, పైది నీది, కిందది నాది. కొళాయి గదిలోనే. "అక్కడ మనకి నచ్చిన కుర్చీ కొనుక్కోవచ్చు చిట్టీ" అనేవాడు. చిట్టి జడ అల్లుకుంటూ "ఊఁ" అనేది.

ఇక తిట్టడం చూడాలి. పొద్దుటి డ్యూటీ కండక్టరుది, మధ్యాహ్నం బుజ్జిది. కాళ్ళు మట్టిలో, చెవులు గట్టు మీద పెట్టుకుని అల్లుడు ఈ చివర్నుంచి ఆ చివరికి తొక్కుకుంటూ పోయేవాడు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు బావా, నువ్వు మాత్రం తొక్కాల్సిందే!" అని బుజ్జి ఇకిలించేవాడు. నీ చదువు ఇంత, నీ సంపాదన అంత, నీ ముక్కు ఇలా, నీ నడక అలా. నీ పెళ్ళికి మీ వాళ్ళు పెట్టిన భోజనంలో ఉప్పు లేదు. నువ్వు బాగుచేసిన మిషను మీద కుడితే జుబ్బా లంగా అవుతుంది. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి "నేనూ ఒకటి అననా?" అని అడిగి, అని, సంతోషంగా వెళ్ళిపోయేవాడు. మేస్త్రీ మాత్రం ఏ మాటకి చువ్వ ఎంత దిగిందో చూసుకుంటూ "ముక్కు గురించి వద్దు బాబూ, పనిచెయ్యట్లేదు. వాళ్ళమ్మ గురించి అనండి" అని సలహా ఇచ్చేవాడు. పనంటే పనే ఆయనకి.

గురువారానికి రెండు పొరలు రాయిలా అయ్యాయి. శుక్రవారం మూడో పొర సగమైంది. ఆ మధ్యాహ్నం నుంచి చువ్వ మళ్ళీ దిగడం మొదలుపెట్టింది. మొదట ఒక గీత, తర్వాత రెండు, మూడు. తిట్లు పాతబడిపోయాయి. ఎన్నని వింటాడు మనిషి? కండక్టరు గొంతు బొంగురుపోయి ఈలలా వస్తోంది. బుజ్జి అన్నవే మళ్ళీ అంటున్నాడు. అల్లుడు ఆ మాటల కింద, వానలో గేదెలా, మెల్లగా నడుస్తున్నాడు. పైగా ముఖంలో చిన్న నవ్వొకటి. ఎల్లుండి ఆదివారం. నీలం తలుపు గుర్తొస్తుంటే మనిషికి కోపమెలా వస్తుంది?

తొక్కిన చోటే నాలుగేసి సార్లు తొక్కగా శనివారం మధ్యాహ్నానికి మోటారు షెడ్డు పక్క మూల ఒక్కటే మిగిలింది. ఇసుక మొదట తగిలింది అక్కడే. "ఇక్కడ తొక్కుడు సరిగ్గా పడకపోతే మిగతాదంతా దండగ" అన్నాడు మేస్త్రీ.

కండక్టరు వంటింట్లోకెళ్ళాడు. ఆ ఇంట్లో చిట్టిని ఎవరూ పల్లెత్తు మాట అనరు. తండ్రికి గారాల కూతురని ఊరంతా అనుకునేది. గారాబమేం కాదు, తిట్లన్నీ అల్లుడికే సరిపోయేవి, ఈవిడదాకా మిగిలేవి కావు. టీ మాడినా "వాడొచ్చినప్పటి నుంచీ ఈ ఇంటికి రుచే పోయింది" అనేవాడు కండక్టరు. చిట్టి హాయిగా ఉండేది. మొగుడి మీద ప్రేమ లేదనను, ఉంది. హాయి అంతకంటే ఎక్కువ ఉంది.

"మా మాటలకి వాడు మొద్దుబారిపోయాడు చిట్టీ. నీ మాటైతే తగుల్తుంది. వెళ్ళి ఏదో ఒకటను."

"ఏమనను నాన్నా?"

"ఏదైనా సరే. నిజమైతే ఇంకా మంచిది."

చిట్టి చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. ఆ మూల గట్టు మీంచి కుంటలోకి దిగడానికి ఒక లావుపాటి చెక్క వేశారు. దాని మీద సగందాకా నడిచి ఆగింది. అల్లుడు తలెత్తి చూసి, చెమట తుడుచుకుని, నవ్వాడు.

"ఈ ఒక్క మూలే చిట్టీ. సాయంత్రానికైపోతుంది. పెట్టె సర్దావా?"

"సర్దలేదు."

"పర్లేదులే. రేపు పొద్దున్నే సర్దుకుందాం."

"రేపూ సర్దను." చిట్టి తండ్రివైపు చూసింది. కానివ్వమన్నట్టు కండక్టరు చెయ్యి ఊపాడు. "ఏవండీ, నాన్న మిమ్మల్ని వెళ్ళనివ్వరు. పక్కింటాయన కుంట కూడా మీతో తొక్కిస్తానని మాటిచ్చేశారు. దాని తర్వాత ఎవరిదో గోడౌన్ నేలట. నాకు సోమవారం నుంచే తెలుసు."

అల్లుడి నవ్వు అలాగే ఉండిపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేస్తారని." చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆపడం చేతకాలేదు. "నాకా గదికి రావాలని లేదండీ. ఎప్పుడూ లేదు. ఇక్కడ నన్నెవరూ ఒక్క మాటనరు. అన్నీ మిమ్మల్నే అంటారు. అక్కడికొస్తే, కొళాయి రాకపోయినా కూర మాడినా, మీరు నన్నే కదా అనాలి. నేను ఊఁ అన్నప్పుడల్లా మీరే వస్తానన్నాననుకున్నారు."

గోడ మీద పక్కింటాయన తల ఇంకాస్త పైకి లేచింది. "చూస్కోండి ఇప్పుడు, పాతాళందాకా దిగుతాడు!" అని బుజ్జి గుసగుసలాడాడు. మేస్త్రీ చువ్వ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

అల్లుడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత కుడికాలు ఎత్తాడు. తేలిగ్గా వచ్చేసింది. ఎడమకాలూ అంతే. నాలుగడుగులు వేశాడు, మట్టి మీద కోడి నడిచినట్టు పడ్డాయి గుర్తులు. అందరికంటే ముందు మేస్త్రీ ముఖం వాడిపోయింది.

కోపం ఊరికే రాదండీ. అవతలి మనిషి దగ్గర మనకి రావలసింది ఇంకా ఏదో ఉందనుకుంటేనే వస్తుంది. ఆరేళ్ళూ ఆయన మోసిందంతా ఒక్క చిట్టి కోసం మోశాడు. ఆవిడే లేదంటే ఇక ఎవరి మీద, దేనికి? ఏడుపొచ్చింది ఆయనకి. కళ్ళనిండా వచ్చింది. ఏడుపుకి బరువు లేదు.

గట్టెక్కి, కొళాయి దగ్గర కాళ్ళు శుభ్రంగా కడుక్కున్నాడు. లోపలికెళ్ళి పనిముట్ల పెట్టె తెచ్చి సైకిలుకి కట్టుకున్నాడు. చిట్టి దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"నిజం చెప్పావు చిట్టీ. ఇంకో ఏడాదికి చెప్పుంటే ఇంకో ఏడాది ఉండేవాణ్ణి."

"ఏయ్! ఎక్కడికయ్యా! ఆ మూలెవడు తొక్కుతాడు, నీ తాతా? విశ్వాసం లేని కుక్క! నమ్మకద్రోహీ!" బొంగురు గొంతుతో కండక్టరు తెలిసినవన్నీ అరిచాడు, తెలియనివి కల్పించి మరీ అరిచాడు. సైకిలు సందులో సాఫీగా వెళ్ళిపోయింది. ఎక్కడా టైరు పేలిన చప్పుడు రాలేదు.

అరుపు ఆగాక కండక్టరు ఆయాసపడుతూ చుట్టూ చూశాడు. బుజ్జి అప్పటికే మోటారు షెడ్డు వెనక్కి జారుకున్నాడు. పక్కింటాయన తల గోడ దిగిపోయింది. మేస్త్రీ బయటివాడు. ఇక మిగిలింది చెక్క మీద నిలబడ్డ చిట్టి.

"ఏం చేశావే?" అన్నాడు.

చిట్టికి మొదట తననే అంటున్నారని అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూసింది. వెనకెవరూ లేరు.

"నువ్వే కదా నాన్నా, నిజం చెప్పమన్నావు?"

"చెప్పమంటే ఇలాగటే చెప్పేది? కట్టుకున్నవాణ్ణి నిలుపుకోవడం చేతకాని దద్దమ్మా! ఉట్టి తిండిపోతుని పెంచానే ఇన్నాళ్ళూ!"

చిట్టి నోరు తెరిచింది. వచ్చిన మాటని మింగింది. కాళ్ళకింద చెక్క కిర్రుమంది.

"అక్క వల్లే నాన్నా! ఎప్పుడూ ఇంతే, అన్నీ చెడగొడుతుంది!" అని బుజ్జి షెడ్డు వెనక నుంచే అందుకున్నాడు. దొరికిందే చాలని.

చెక్క ఫెళ్ళుమని విరిగింది. చిట్టి నిలువునా మూలనున్న మట్టిలో పడి నిలబడింది, చీలమండలు మునిగేదాకా. కండక్టరు ఇంకేదో అనబోయి ఆగాడు. కూతురి కాళ్ళకేసి చూశాడు. మేస్త్రీ కూడా చూశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కాలవ రేపే కదా అయ్యగారూ" అన్నాడు మేస్త్రీ.

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. కుర్చీ గట్టు అంచుదాకా లాక్కుని కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో వేలమందిని అన్నవాడు, సొంత కూతుర్ని అనడానికి మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. పుట్టినప్పటి నుంచీ అన్నీ దాచిపెట్టుకున్నట్టే ఉన్నాయి. చిట్టి ఒక అడుగు వేసింది, పిక్కలదాకా దిగింది. ఇంకో అడుగు వేసింది, నేల దబ్బుమంది. తండ్రి మీద కోపం, తమ్ముడి మీద కోపం, అందరికంటే తన మీద కోపం. ఇన్నేళ్ళు ఆ మనిషి ఒక్కడూ ఇదంతా ఎలా మోశాడా అనుకుంది. వంటింట్లో కూర్చుని వింటున్నప్పుడు అవి ఉట్టి మాటల్లాగే ఉండేవి.

సగం మూల తొక్కేసరికి ఆవిడ గట్టు దగ్గరికొచ్చి మేస్త్రీకి చెయ్యి చాపింది.

"నన్ను పైకి లాగండి. నేనూ వెళ్తాను."

"ఎక్కడికమ్మా?"

"పెట్రోలు బంకు దాటాక రెండో మలుపు. నీలం తలుపు. నాకు తెలుసు." ఊఁ అంటూనే అంతా వినేసిందన్నమాట. కళ్ళు ధారగా కారుతున్నాయి. "తొందరగా లాగండి, ఇంకా ఎంతో దూరం పోయుండరు."

మేస్త్రీ లాగాడు. బుజ్జిని కేకేస్తే వాడూ వచ్చి ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ గట్టుకి కాళ్ళు తన్నిపెట్టి లాగినా చిట్టి అంగుళం కదల్లేదు.

"కోపం తగ్గించుకోండమ్మా" అన్నాడు మేస్త్రీ రొప్పుతూ. "లేకపోతే మావల్ల కాదు."

"ఎలా తగ్గుతుంది? చెప్పండి, ఎలా తగ్గించుకోను!"

"ఎక్కడికే వెళ్ళేది?" అన్నాడు పైనుంచి కండక్టరు. "వదిలేసి పోయినవాడి వెనకాలా? సిగ్గులేదటే?"

చిట్టి మోకాళ్ళదాకా దిగింది.

మేస్త్రీ ఆవిడ చెయ్యి వదిలేసి, పక్కనున్న చువ్వ తీసుకుని ఆవిడ కాళ్ళ పక్కనే గుచ్చి చూశాడు. దిగలేదు.

"ఇక్కడ అయిపోయిందమ్మా" అన్నాడు. "కొంచెం పక్కకి జరగండి."